తర్వాత తీసెయ్యాలి

ఫణికుమార్ కోపానికి కారణాలు వెతుక్కోవాల్సిన అవసరం ఎప్పుడూ ఉండేది కాదు. అవి మయూర్ విహార్‌లో అతనితోపాటే మెట్రో ఎక్కి, నోయిడా సెక్టార్ అరవై రెండులో అతనితోపాటే దిగేవి. పేరులోనే పడగ ఉన్నవాడు బుస కొట్టకపోతే పేరుకి మచ్చ అని అతని వాదన. ఆ పడగేదో టిఫిన్ డబ్బా మూత దగ్గర విప్పి, అడుగున మిగిల్చే కాకరకాయ కూర కూడా తింటే బుసలకి కాస్త బలమైనా ఉంటుందని భార్య కమలాకుమారి అనేది.

అతని ఉద్యోగం గురించి ఎవరైనా అడిగితే "ఫణి చేసే పని" అని మొదలుపెట్టి, ఎదుటివాడు నవ్వకపోతే మళ్ళీ మొదటినుంచీ చెప్పేవాడు. ఆ పని ఇదీ. ఎవరైనా వెబ్‌సైటులో క్రెడిట్ కార్డు నంబరు కొట్టి బటన్ నొక్కుతారు. డబ్బు బ్యాంకులో బయల్దేరి అమ్మేవాడి ఖాతాకి చేరుతుంది. మధ్యలో దానికి దారి చూపించే కోడు అతను రాస్తాడు. అంతా సొంతంగా రాయడు, ఎవరూ రాయరు. బ్యాంకులతో ఎలా మాట్లాడాలో, కార్డు నంబరుని ఎలా దాచి పంపాలో తెలిసిన కోడుని ఎవరో ముందే రాసి మూటగట్టి ఉంచుతారు. దాన్ని లైబ్రరీ అంటారు. ఆ మూట తెచ్చుకుని మన కోడుకి ముడివేసుకోవడమే. అతని కంపెనీకి ఖాతాదారులంతా ముఖర్జీ నగర్ కోచింగ్ సెంటర్లు. అక్కడా వీధికి పది లైబ్రరీలు ఉంటాయి. నెలకింతని తీసుకుని, చదువుకునేవాళ్ళకి మోచేతులు ఆనేంత బల్లా, తల ఆనేంత అట్టగోడా అద్దెకిస్తారు. "ఆ లైబ్రరీలో పుస్తకాల్లేవు, మా లైబ్రరీలోనూ లేవు. ఈ ఊళ్ళో పుస్తకాలున్న చోటుని ఏమంటారో పాతికేళ్ళయినా నాకు తెలీలేదు" అనేవాడు ఫణికుమార్.

జులై ఉక్క మెడ మీద కూర్చున్న ఆ గురువారం, కోపానికి కారణం మెయిల్ రూపంలో వచ్చింది.

పంపినవాడు సాకేత్, అతని మేనేజరు. ముప్ఫై ఒక్కేళ్ళవాడు. ఆర్.కె. పురం క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన తెలుగు పిల్లాడే గానీ, తెలుగు అతని చెవికి అందినంతగా నోటికి అందలేదు. వాళ్ళ నాన్న తెలుగులో తిడితే హిందీలో సారీ చెప్పి పెరిగాడు. మెయిల్‌కి ఒక నివేదిక తగిలించి ఉంది. రూట్ కాజ్ అనాలిసిస్ అని పేరు. ఏదైనా పొరపాటు జరిగినప్పుడు దాని మూలం ఎక్కడుందో వెతికి రాసే కాగితం. సాకేత్ చేతిలో అది రూటు మార్చే అనాలిసిస్ అయింది. వెతకడం, రాయడం రెండూ అతనే పూర్తిచేసి, సంతకం ఒక్కటి ఫణికుమార్‌కి వదిలాడు. ఆఖరి వాక్యం చదివేసరికి ఫణికుమార్ చెవులు వేడెక్కాయి. విద్యార్థిని బటన్ మూడుసార్లు నొక్కింది కాబట్టి మూడుసార్లు డబ్బు కట్ అయింది, మా వ్యవస్థలో లోపమేదీ లేదు. సాయంత్రం నాలుగు గంటలకల్లా సంతకం కావాలి.

ఆ విద్యార్థిని పేరు వర్షిణి. సివిల్స్‌కి చదువుతూ ముఖర్జీ నగర్‌లో ఒక పీజీ హాస్టల్ గదిలో ఉంటోంది. సోషియాలజీ బ్యాచ్‌లో చేరడానికి మే నెలలో నలభై రెండు వేలు కట్టింది. కార్డు వాళ్ళ నాన్నది. ఆయన సుబేదార్ పాపయ్య, కంటోన్మెంట్‌లో ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేస్తాడు. కార్డు కూతురి దగ్గరున్నా ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఆయన ఆ ఆరంకెలు ఫోన్లో చదివితే ఈ పిల్ల కొట్టింది. వెబ్‌సైటు కాసేపు గిర్రున తిరిగి, చెల్లింపు విఫలమైంది, మళ్ళీ నొక్కండి, డబ్బు కట్ అయి ఉంటే ఏడు పనిదినాల్లో తిరిగి వస్తుంది అంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ ఓటీపీ, మళ్ళీ ఆరంకెలు, మళ్ళీ అదే మాట. మూడోసారికి "ధన్యవాదాలు" అంది. నలభై రెండు వేల సీటుకి లక్షా ఇరవై ఆరు వేలు తీసుకున్నాక ఆ మాత్రం ధన్యవాదం చెప్పడం మర్యాదే.

ఏడు పనిదినాలు గడిచాయి. డబ్బు రాలేదు. సెంటర్‌ని అడిగితే వెబ్‌సైటు వాళ్ళని అడగమన్నారు, వెబ్‌సైటు వాళ్ళు బ్యాంకుని అడగమన్నారు. పాపయ్య బ్యాంకులో ఫిర్యాదు రాసిచ్చాడు. బ్యాంకు సెంటర్ ఖాతాలోంచి రెండు చెల్లింపులు వెనక్కి లాక్కుంది. అక్కడితో కథ సుఖాంతం కావాలి. కానీ ఆ సెంటర్‌కో నియమం ఉంది. ఎవరి పేరు మీద బ్యాంకు తగాదా వస్తే వాళ్ళ అడ్మిషన్ రద్దు. వర్షిణి సీటు పోయింది. తప్పు తమదేనని వెబ్‌సైటు కంపెనీ రాసిస్తే సీటు తిరిగి ఇస్తాం, లేకపోతే శుక్రవారం పొద్దున వెయిటింగ్ లిస్టులో వాళ్ళకి ఇచ్చేస్తాం అన్నారు. బ్యాచ్ సోమవారం మొదలు. అంటే ఆ పిల్ల ఏడాది మొత్తం ఆ నివేదికలో ఆఖరి వాక్యం మీద ఆనుకుని ఉంది.

ఫణికుమార్ సాకేత్ అద్దాల గదిలోకి తలుపు తట్టకుండా వెళ్ళాడు. ఎనిమిది నెలల క్రితం ఇదే గదిలో తను ఏం మొత్తుకున్నాడో గుర్తుందా అని అడిగాడు. కార్డు చెల్లింపుకి జవాబులు రెండు కావు, మూడు: వచ్చింది, రాలేదు, తెలియదు. బ్యాంకు దగ్గర్నుంచి జవాబు రావడం ఆలస్యమైతే డబ్బు కట్ అయిందో లేదో మనకి తెలియదు. తెలియనప్పుడు తెలియదనే చెప్పాలి. "జవాబు ఇంకా రాలేదు, మళ్ళీ నొక్కకండి, పది నిమిషాలు ఆగండి" అని అతను రాసి పెట్టిన వాక్యాన్ని సాకేత్ పీకేశాడు. తెలియదంటే కస్టమర్‌కి నమ్మకం పోతుందన్నాడు. ఈ ఊళ్ళో ఎవరూ తెలియదనరు. దారి అడిగితే తెలియని మనిషి కూడా చెయ్యెత్తి ధీమాగా ఎటో ఒక వైపు చూపించి పంపిస్తాడు. సాకేత్ కూడా అలాగే, తెలియదన్న చోట విఫలమైందని రాయించాడు, మళ్ళీ నొక్కమని దారి కూడా చూపించాడు. చెల్లింపులకి గేట్‌వే, అంటే ద్వారం, అని పేరు పెట్టి డబ్బు లోపలికి పోయాక గేటు వేసేయడం ఇదేనని ఫణికుమార్ అప్పుడే అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఇప్పుడూ అన్నాడు. ఇప్పుడూ ఎవరూ నవ్వలేదు.

సాకేత్ ల్యాప్‌టాప్ మీంచి తలెత్తలేదు. "ఫణి సర్, లడకీ నే తీన్ బార్ దబాయా. దట్స్ అ ఫ్యాక్ట్."

"దబాయా అంటే నొక్కింది ఆ పిల్ల. దబాయించేది నువ్వు," అన్నాడు ఫణికుమార్. "మళ్ళీ నొక్కమని రాసింది నీ బటన్ మీద కాదూ?"

సాకేత్ ఓపిగ్గా ఇంగ్లీషులో వివరించాడు. తప్పు మనదని రాస్తే ఈ సెంటర్ ఒక్కటే కాదు, మిగతా పదకొండు సెంటర్లూ అడుగుతాయి. కంపెనీ పేరు పోతుంది. అమ్మాయి సీటుదేముంది, పక్క వీధిలో ఇంకో సెంటర్ ఉంది. నాలుగు గంటలు, సర్. ఫణికుమార్ తలుపు వేసుకుంటూ వెళ్ళిన చప్పుడుకి బయట కూర్చున్న ఇరవై తలలూ లేచాయి. వాళ్ళకది అలవాటే. అక్కడ అతని కోపాన్ని గోడ గడియారంలా చూసేవారు; కొట్టినప్పుడు తల ఎత్తి, ఎన్ని కొట్టిందో లెక్కపెట్టుకుని పని చూసుకునేవారు. కోడు రాసేవాడి బతుకు కొత్తకోడలి బతుకు, వండేది ఒకరు వంకలు పెట్టేది పదిమంది అని అతను వాళ్ళందరికీ వినబడేలా అన్నాడు. క్రెడిట్ మేనేజరుకి, డెబిట్ ఫణికుమార్‌కి, అందుకే దీన్ని కార్డు వ్యాపారం అంటారని కూడా అన్నాడు.

పన్నెండున్నరకి రిసెప్షన్ నుంచి ఫోన్ వచ్చింది. ఎవరో ఫౌజీ అంకుల్ వచ్చారు, లోపలికి పంపేదాకా కూర్చుంటానంటున్నారు.

పాపయ్య సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని తెల్ల చొక్కా, చేతిలో నీలం ఫైలు. ఫైల్లో మే నెల నుంచి నిన్నటిదాకా వచ్చిన ప్రతి మెసేజ్, ప్రతి మెయిల్ ప్రింటు తీసి తేదీల వారీగా గుచ్చి ఉన్నాయి. సాకేత్ ఒక్క నిమిషం మాట్లాడి, ఆయనది విజయనగరమని తెలియగానే ఫణికుమార్ వైపు తిరిగి, మీ భాషవాళ్ళే, మీరు కూర్చుని చల్లబరచండి, నాకు కాల్ ఉందని మీటింగ్ గదిలో ఇద్దర్నీ వదిలి వెళ్ళిపోయాడు. మీ భాష అన్నాడు. వాడి భాష ఏ ఊరిదో.

చల్లబరచాల్సిన మనిషి చల్లగానే ఉన్నాడు. బుస కొడుతున్నది ఫణికుమార్. కుర్చీ కూడా లాక్కోకుండా సాకేత్ చేసిందంతా చెప్పేశాడు, తను రాసిన వాక్యం, వాడు పీకిన వాక్యం, వాడు పెట్టిన వాక్యం, పొద్దున పంపిన నివేదిక. ఈ ఆఫీసులో పని చేయించడానికి ఆజైల్ పద్ధతి అని ఒకటుంది సుబేదార్ గారూ, అది ఏ జైలో నాకింకా తెలియలేదు అన్నాడు. పాపయ్య మర్యాదకి నవ్వి, టీ తాగుతూ విన్నాడు. తర్వాత తన వైపు సంగతి చెప్పాడు.

"మొదటిసారి ఓటీపీ చెప్పగానే డబ్బు కట్టయినట్టు నా ఫోన్‌కి మెసేజొచ్చీసింది సార్. అయిపోనాదమ్మా అన్నాను. లేదు నాన్నా, ఫెయిలంటంది అంది. నీ తెర చెప్పింది నిజమా, నా ఫోన్ చెప్పింది నిజమా అని ఇద్దరం కాసేపు ఆగాం. ఏడు రోజుల్లో వచ్చీస్తాదని అంత కచ్చితంగా రాసుందంటే వాళ్ళకి తెలిసే రాసుంటారు కదా అనుకున్నాం. నమ్మీసినాం."

ఆయన గొంతులో ఫిర్యాదు లేదు. అది ఫణికుమార్ ఒళ్ళు ఇంకా మండించింది.

పాపయ్య ఫైలు పక్కన పెట్టి, ఒక సంగతి మాత్రం తనకి అర్థం కాలేదన్నాడు. ఇరవై ఆరేళ్ళ నుంచి ఆయన చేసేది సందేశాలు పంపడం, అందుకోవడం. కొండల మధ్య రేడియో మీద సగం మాటలు గాలికి పోతాయి. అందుకని ప్రతి సందేశానికీ ఒక నంబరు ఉంటుంది. అవతలివాడు పలక్కపోతే అందలేదని అనుకోరు, అందిందనీ అనుకోరు. అదే నంబరుతో మళ్ళీ పంపుతారు. అవతలివాడికి అది ముందే అంది ఉంటే, ఆ నంబరు నా దగ్గరుంది అంటాడు, రెండోసారి రాసుకోడు. "కొత్త నంబరు వేసి పంపినామనుకోండి, పది లారీలు అడిగిన చోటికి ఇరవై లారీలు బయల్దేరిపోతాయి. రిక్రూట్ కుర్రాడికి మొదటి వారంలో నేర్పిస్తాం సార్. మీ కంప్యూటర్లో ఇలాంటిది లేదా?"

ఫణికుమార్ బల్ల మీద అరచేత్తో కొట్టాడు. ఎనిమిది నెలలు అరిచినా ఈ అద్దాల మేడలో ఒక్కడికీ బుర్రకెక్కనిది, సగం కప్పు టీలో ఒక సుబేదారు చెప్పేశాడు. ఉంది అన్నాడు. సరిగ్గా ఇదే ఉంది. ఆ లైబ్రరీ ప్రతి చెల్లింపుకీ ఒక నంబరు ఇమ్మంటుంది. అదే నంబరుతో వందసార్లు అడిగినా డబ్బు ఒక్కసారే కట్ అవుతుంది, మొదటి జవాబే మళ్ళీ వినిపిస్తుంది. ఆ నంబరు ఇచ్చే వరస రాసింది ఇంకెవరో కాదు, తనే. దరఖాస్తు నంబరుతో ముడిపెట్టి స్వయంగా రాశాడు.

పాపయ్య కప్పు కింద పెట్టాడు. "మరి అదే నంబరు వెళ్ళుంటే, మా డబ్బు మూడుసార్లు ఎలాగ కట్టయింది సార్?"

ఫణికుమార్ వెళ్ళి తన ల్యాప్‌టాప్ తెచ్చాడు.

ఈ ప్రశ్న అతను రెండు నెలల్లో ఒక్కసారీ వేసుకోలేదు. ఫిర్యాదు వచ్చిన రోజే దోషి దొరికేశాడు, అద్దాల గదిలో కూర్చున్నాడు. దోషి దొరికాక తన కోడు తెరిచి చూడాల్సిన అవసరం ఏముంది? తిట్టడానికే టైము చాల్లేదు.

ల్యాప్‌టాప్‌ని గోడ మీద పెద్ద తెరకి తగిలించి, తన కోడు తెరిచాడు. ఆయనకి చూపిద్దామనే తగిలించాడు, ఇదిగో చూడండి, ఇక్కడ తప్పు లేదు అనడానికి. వరసలు జారుతూ వెళ్ళి ఒక చోట ఆగాయి. దరఖాస్తు నంబరు ఉంది. దాని పక్కన ఒక కూడిక గుర్తు ఉంది. కూడిక గుర్తు పక్కన, బటన్ నొక్కిన సమయం, సెకనులో వెయ్యో వంతుతో సహా. అంటే నొక్కిన ప్రతిసారీ సమయం మారుతుంది. సమయం మారితే నంబరు మారుతుంది. నంబరు మారితే లారీలు బయల్దేరతాయి.

పైన ఒక చిన్న వరస ఉంది. యంత్రం పట్టించుకోదు, కోడు చదివే మనుషుల కోసం రాసుకునే గమనిక. ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది. పాపయ్య కళ్ళజోడు సర్దుకుని, పరాయి ఊరి బస్సు బోర్డు చదివినట్టు కూడబలుక్కుని చదివాడు.

"తర్... వాత. తీ... సెయ్యాలి." అతని వైపు తిరిగాడు. "తర్వాత తీసెయ్యాలి. తెలుగేనా సార్ ఇది?"

నవంబరు నెల అంతా ఒక్కసారి గుర్తొచ్చింది. పరీక్ష కోసం ఒకే దరఖాస్తుతో ఉత్తుత్తి కార్డు నంబరు మళ్ళీ మళ్ళీ కొడుతున్నాడు. లైబ్రరీ తన ధర్మం తను పాటిస్తూ, ఈ నంబరు నాకు ముందే అందిందని పాత జవాబే అప్పగిస్తోంది. కొత్త జవాబు కావాల్సిన ఫణికుమార్‌కి విసుగొచ్చింది. ఆ రోజే సాకేత్ అతని వాక్యం పీకేశాడు. ఆ మంటలో, నంబరు మారడానికి సమయాన్ని తెచ్చి తగిలించి, పైన ఈ రెండు మాటలూ రాశాడు. రాసి, లేచి వెళ్ళి, అద్దాల గదిలో గొడవపడి, ఇంటికెళ్ళిపోయాడు.

తెలుగులో ఎందుకు రాశాడంటే, అది అతని అలవాటు. ఆఫీసులో ఎవరికీ అర్థం కాదని గమనికలన్నీ తెలుగులోనే రాసుకునేవాడు. సాకేత్ కోడు చదవడు. చదివేది ఒక్కతే, రివ్యూ చేసే మీరట్ అమ్మాయి. కోడు బయటికి వెళ్ళేముందు ప్రతి వరసా చదివి, అనుమానమొస్తే అడగడమే ఆమె పని. అడిగింది కూడా. సర్, ఇదేమిటి అంది. మా ప్రాంతపు ప్రార్థన, పని మొదలుపెట్టేముందు రాసుకుంటాం, ముట్టుకోకు అన్నాడు. ఆ జోకు ఇంట్లో కమలాకుమారికి చెప్పి నవ్వాడు కూడా. ఆమె నవ్వలేదని ఇప్పుడు గుర్తొచ్చింది.

పాపయ్య ఇంకా జవాబు కోసం చూస్తున్నాడు. ఇంకెవరైనా అయితే ప్రార్థన అనేవాడు. తెలుగు చదివిన మనిషికి అది చెప్పడం కుదరదు.

"నాదే," అన్నాడు. "తీసెయ్యలేదు."

తెర మీద ఆ రెండు మాటలూ రెండడుగుల ఎత్తున వెలుగుతున్నాయి. ఫణికుమార్ కీబోర్డు దగ్గరికి లాక్కుని, సాకేత్ పంపిన నివేదికలో ఆఖరి వాక్యం కొట్టేసి, కొత్తది మొదలుపెట్టాడు. ఒక్కో అక్షరాన్ని మేకు దిగేసినట్టు కొట్టాడు. బ్యాంకు జవాబు ఆలస్యమైనప్పుడు మా వెబ్‌సైటు విఫలమైందని తప్పుగా చెప్పింది. మళ్ళీ నొక్కమని విద్యార్థినికి తనే చెప్పింది. ఆ సందేశాన్ని ఆమోదించింది మేనేజరు. లోపం మాది. విద్యార్థినిది ఏమీ లేదు.

ప్రతి అక్షరం నిజం. వర్షిణి సీటుకి ఇది చాలు. సాకేత్‌కి ఇది ఎక్కువే. కూడిక గుర్తుని ఏదో ఒక వంకతో చడీచప్పుడు లేకుండా తీసేస్తే, ఆ గోడ మీది మాటలు చదివింది ఈ గదిలో ఇద్దరే.

పాపయ్య తెర మీద ఇంగ్లీషుని తన వేగంతో చదివి, ఇంతేనా సార్ అన్నాడు. మీ అమ్మాయికి ఇది సరిపోతుంది అన్నాడు ఫణికుమార్. గొంతు అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. సరిపోద్ది అన్నాడు పాపయ్య. మరేం కావాలి మీకు అన్నాడు ఫణికుమార్. ఈసారి బయట తలలు లేచాయి.

"నాకేటి వద్దు సార్. పొద్దున్న మీ మేనేజరు రాసింది చూసి మీకు కోపమొచ్చింది కదా. మా పిల్ల మూడుసార్లు నొక్కిందని రాశాడు. నొక్కిందండీ. అబద్ధం కాదు. సగమే రాశాడు, అంతే."

ఫణికుమార్‌కి ఆ మనిషి మీద వచ్చినంత కోపం సాకేత్ మీద ఎప్పుడూ రాలేదు. సుబేదారుగా ఉండి ఉత్తరాలకి వత్తులు దిద్దడమెందుకు అనుకున్నాడు. కూతురి పని అయిపోయాక ఫైలు సర్దుకుని పోవచ్చు కదా అనుకున్నాడు. ఆ కోపం ఎక్కడా ఆనడానికి చోటు దొరక్క గదంతా తిరిగి వచ్చి అతని కుర్చీలోనే కూర్చుంది. రెండో పేరా మొదలుపెట్టాడు. చెల్లింపు నంబరుకి సమయాన్ని కలపడం వల్ల ప్రతి నొక్కుడూ కొత్త చెల్లింపు అయింది. ఇది పరీక్ష కోసం పెట్టి, తీయకుండా వదిలేసిన వరస. రాసింది, వదిలింది, రివ్యూ చేసే మనిషికి దాని అర్థం తప్పుగా చెప్పింది ఫణికుమార్. నవంబరు నుంచి మూడుసార్లు, రెండుసార్లు కట్ అయిన వాళ్ళు ఇంకా ఉండి ఉంటారు. వెతకాలి.

మూడు గంటల నలభై నిమిషాలకి, సాకేత్‌కి చూపించకుండా, సెంటర్‌కి నేరుగా పంపి, సాకేత్‌కి ఒక కాపీ పెట్టాడు.

సాకేత్ పరిగెత్తుకొచ్చాడు. మొదటి వాక్యం ఇంగ్లీషులో మొదలై, రెండోది హిందీలోకి మారి, మూడో దగ్గరికి వచ్చేసరికి రెండు భాషలూ చాల్లేదు. ముప్ఫై ఒక్కేళ్ళుగా చెవిలో పడి నిలవున్నదంతా నోటికి తన్నుకొచ్చింది. "బుద్ధుందా మీకు? గడ్డి తింటున్నారా? ఇంతమంది అన్నంలో మన్నుపోశారు కదండీ." ఉచ్చారణ ఎక్కడా తప్పలేదు. వాళ్ళ నాన్న సదాశివరావుగారే గదిలోకి వచ్చి తిట్టినట్టుంది. మామూలు రోజైతే ఆ మాట అనేసేవాడు ఫణికుమార్. ఆ రోజు తిట్టు మొత్తం నిలబడి విన్నాడు. సగం సాకేత్‌కి తగిలేదే, కానీ సగం తగలాల్సిన చోటే తగిలింది.

అయిదింటికి సెంటర్ నుంచి జవాబు వచ్చింది. సీటు ఉంది, సోమవారం రావచ్చు. పాపయ్య కూతురికి ఫోన్ చేసి, నీ తప్పు కాదని రాసిచ్చారమ్మా అని మాత్రం చెప్పాడు. అవతల ఏమన్నదో వినబడలేదు. ఆయన చాలాసేపు ఊఁ కొట్టాడు. వెళ్ళేముందు ఫైల్లో చివరి కాగితంగా ఆ నివేదిక ప్రింటు గుచ్చుకుని, ఫణికుమార్‌కి నమస్కారం పెట్టాడు. ధన్యవాదాలు అనలేదు. ఆ మాట ఆయనకి వెబ్‌సైటు ముందే చెప్పేసింది.

సోమవారం నుంచి చెల్లింపుల కోడు ఫణికుమార్ ముట్టుకోకూడదని, సహాయం పేజీలు రాసుకోవాలని అయిదుంబావుకి మెయిల్ వచ్చింది. అయినా ఆ సాయంత్రం ఆఖరుగా ఒక్క మార్పు అతనే చెయ్యాలి. కూడిక గుర్తు తీశాడు. సమయం తీశాడు. సందేశం మార్చాడు, జవాబు ఇంకా రాలేదు, మళ్ళీ నొక్కకండి. చివరికి పైనున్న రెండు మాటలూ తీసి, రివ్యూకి పంపాడు.

మీరట్ అమ్మాయి మామూలుగా జవాబు తెర మీదే రాస్తుంది. ఆ సాయంత్రం ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని అతని బల్ల దగ్గరికి వచ్చింది. ప్రార్థన తీసేస్తున్నారెందుకు సర్ అని హిందీలో అడిగింది. అతను దాని అర్థం హిందీలో చెప్పాడు.

ఆమె మొహం ఎర్రబడడం ఫణికుమార్ మొదటిసారి చూశాడు. రెండేళ్ళుగా అతని అరుపులన్నీ విన్న మనిషి, ఒక్కసారీ గొంతు పెంచని మనిషి. ఆ వరస చూడగానే తనకి అనుమానమొచ్చిందని, అందుకే అడిగిందని, దేవుడి మాట కదా అని వదిలేసిందని చెప్పింది. నిజం చెప్పి ఉంటే అదే రోజు పట్టుకునేదాన్ని అంది. నెలకి ఎన్నిసార్లు అరుస్తారు సర్ మీరు, ఈ ఆఫీసులో ఎవరికీ వినే చెవుల్లేవని? అడిగిన ఒక్క మనిషికి అబద్ధం చెప్పారు. ఆఫీసు మొత్తం విన్నది. ఫణికుమార్ దగ్గర బోలెడు జవాబులుండేవి, ఏ వేళకైనా. అవన్నీ ఇతరుల గురించినవి.

ఆమె ఏదో వెతికి, ల్యాప్‌టాప్‌ని అతని వైపు తిప్పింది. తెర నిండా ఇంగ్లీషు అక్షరాల తెలుగు.

"ఇంకా ముప్ఫై ఎనిమిది ప్రార్థనలున్నాయి సర్ మీ కోడులో. ప్రతిదానికీ అర్థం చెప్పండి. ఒక్కటి వదలను."

ఫణికుమార్ తన కుర్చీ ఆమెకి జరిపి, పక్క బల్ల నుంచి స్టూలు లాక్కున్నాడు. మొదటి ప్రార్థన సాకేత్ గురించి. అద్దాల గది తలుపు తెరిచే ఉంది. గొంతు సవరించుకుని, తగ్గించకుండా, చదవడం మొదలుపెట్టాడు.